మంగళవారం చెత్త బండి

మా వీధిలోకి చెత్త బండి మంగళవారం పొద్దున్నే వస్తుంది, ఏడు కాకముందే. అందుకని ఆ రోజు లేవగానే మా ఆయన గరాజ్‌లో పోగుపడ్డ సంచులన్నీ పెద్ద డబ్బాలో వేసి, దాన్ని రోడ్డు పక్కకి తోసుకెళ్తారు. కాఫీ కూడా ఆ తర్వాతే. డాలస్ వచ్చి ఇల్లు కొనుక్కున్నాక ఒక్క వారం తప్పలేదు.

2022 ఫిబ్రవరిలో ఒక మంగళవారం కూడా అలాగే తోసుకెళ్లారు. ఆ డబ్బాలో తొమ్మిదేళ్ల పిల్లాడొకడి ఆస్తి మొత్తం ఉంది.

పిల్లాడి పేరు చెప్పను. చెప్పకూడదు కూడా. ఫోస్టర్ పిల్లల పేర్లు, ఫోటోలు ఎక్కడా పెట్టబోమని సంతకాలు చేశాం. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను. ఇంట్లో చిన్నోడు అని పిలిచేవాళ్లం, ఇక్కడా అంతే.

ఈ ఫోస్టర్ అన్న మాటకి తెలుగులో సరిపోయే మాట నాకు దొరకలేదు. "పెంచుకుంటున్నారా?" అని అడుగుతారు మనవాళ్లు, దత్తత అనుకుని. కాదు. అమ్మానాన్నల దగ్గర ఉంటే క్షేమం కాదని కోర్టు అనుకున్నప్పుడు, వాళ్లు తేరుకునేదాకానో, చుట్టాలెవరైనా ముందుకొచ్చేదాకానో పిల్లల్ని మన ఇంట్లో ఉంచుకోవడం. మా అబ్బాయి కాలేజీకి వెళ్లి మేడ మీద గది ఖాళీ అయ్యాక మొదలుపెట్టాం. ట్రైనింగ్ క్లాసులు, వేలిముద్రలు, టీబీ టెస్టు, ఫైర్ ఇన్‌స్పెక్షన్, అన్నీ అయ్యాయి. మందులు తాళంలో ఉండాలన్నారు. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో షీట్లు, అమృతాంజనం, జిందా తిలిస్మాత్ సీసాతో సహా తాళం పెట్టెలోకి వెళ్లాయి. ఇన్ని చెప్పారు గానీ, వచ్చే పిల్లాడి సామాను ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు.

సోమవారం రాత్రి పదకొండు నలభైకి వచ్చాడు. తీసుకొచ్చిన కేస్‌వర్కర్, అంటే వాడి కేసు చూసే ఉద్యోగి, పాతికేళ్ల అమ్మాయి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఒక చేత్తో వాణ్ణి పట్టుకుంది, ఇంకో చేత్తో నల్ల ట్రాష్ బ్యాగు. బ్యాగు మూతి ముడివేసి ఉంది. వాడు సోఫా అంచున కూచున్నాడు, బూట్లు విప్పలేదు. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. వాడు మా దగ్గర ఉంటున్నట్టు ఒకటి, డాక్టరుకి చూపించే అధికారం మాకిస్తున్నట్టు ఒకటి, ఇంకా ఏవేవో. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "బ్యాగు లోపలికి తేకండి, బట్టల్లో నల్లులు ఉండొచ్చు. ముందు వేడి డ్రయర్‌లో వేయండి" అంది. సరే, పొద్దున చూద్దాంలే అని గరాజ్‌లో తలుపు పక్కన పెట్టాను. మా ఆయన ఆ టైంలో పైన గదిలో ఇండియా టీమ్‌తో కాల్‌లో ఉన్నారు. బ్యాగు ఎక్కడ పెట్టానో ఆయనకి చెప్పలేదు. నా తప్పు అదొక్కటే కాదు గానీ, మొదటిది అది.

పొద్దున ఆరున్నర దాటింది. వాడి గది కిటికీ వీధి వైపుకే. మెట్లు దిగిన చప్పుడు, వీధి తలుపు తీసిన చప్పుడు వినిపించి బయటికొచ్చాను. గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. వాడు ఒట్టి కాళ్లతో డబ్బా మూత ఎత్తి, అంచు పట్టుకుని వేళ్లాడుతున్నాడు. అడుగుదాకా చెయ్యి అందడం లేదు. అరవలేదు, ఏడవలేదు. పక్క వీధిలో బండి బీప్ బీప్‌మంటూ వెనక్కి వస్తున్న శబ్దం వినిపిస్తోంది.

మా ఆయనకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. పరిగెత్తి, డబ్బాని పక్కకి పడుకోబెట్టి, సగం లోపలికి దూరి బ్యాగు బయటికి లాగారు. అది చినిగింది. మా ఇంటి కాఫీ పిప్పి, సొరకాయ చెక్కు, చారులో పిండేసిన చింతపండు పిప్పి, అన్నీ వాడి బట్టల మీద. మా ఆయన మోకాళ్ల మీదే ఉండి సారీ, సారీ అంటున్నారు. వాడు పైజమా కాలుకి చేతులు తుడుచుకుని, "పర్లేదు సర్. ఇదివరకు కూడా ఒకసారి ఇలాగే అయింది" అన్నాడు.

మా ఆయన ఆ రోజు కాఫీ తాగలేదు. ఈ సంగతి రాయొద్దన్నారు. రాస్తున్నాను.

ఎందుకంటే సామాను సర్దడంలో ఆయనంతటి వాడు మా కమ్యూనిటీలోనే లేడు. ఇండియా ప్రయాణం అంటే మనకెంత హడావుడో మీకు తెలుసు. ఒక్కో సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు, అంటే యాభై పౌండ్లు, ఒక్క పౌండు అటూ ఇటూ కాకూడదు. కొక్కెం ఉన్న చేతి త్రాసు ఆయన దగ్గర రెండున్నాయి, ఒకటి పాడైతే ఇంకోటని. అటునుంచి వచ్చేటప్పుడు మా అత్తగారి ఆవకాయ సీసాకి మూడు పాలిథిన్ కవర్లు, నాలుగు చుట్లు టేపు, పైన లుంగీ. పెట్టె ఏ మూల పెడితే దెబ్బ తగలదో కూడా ఆలోచిస్తారు. పక్కింటివాళ్లు ప్రయాణానికి ముందు రోజు ఆయన్ని పిలిపించుకుంటారు. అలాంటి మనిషి చేతుల మీదుగా ఒక పిల్లాడి సామాను చెత్తలోకి వెళ్లింది. సంచి చూస్తే చెత్తలాగే ఉంది మరి.

ట్రాష్ బ్యాగే ఎందుకు అని తర్వాత ఆ కేస్‌వర్కర్‌ని అడిగాను. కోపంగా అడిగాను, ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. పిల్లల్ని ఇంట్లోంచి తీసుకురావడం చాలాసార్లు రాత్రిపూట, పోలీసులు పక్కన ఉండగా, పెద్దవాళ్లు అరుస్తుండగా జరుగుతుంది. పది నిమిషాలు దొరికితే గొప్ప. కారు డిక్కీలో బ్యాగుల చుట్ట ఒకటి ఉంటుంది. చవక, చోటు పట్టదు, మూతి కడితే పురుగు బయటికి రాదు. ఒక్కొక్కటిగా చూస్తే ఏ కారణాన్నీ తప్పనడానికి లేదు. పైగా ఇల్లు మారడం ఒక్కసారితో అవదు. ఆ ఇంట్లో కుదరక ఇంకో ఇల్లు, అక్కడా కుదరక మరోటి. ఎక్కడా చోటు దొరక్క పిల్లలు ఆఫీసుల్లో పడుకున్న రాత్రుల గురించి ఇక్కడి పేపర్లలో 2021లో తెగ వచ్చింది. మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు హడావుడిగా మళ్లీ సంచిలో కుక్కుతారు. ఏదో ఒకటి రాలిపోతుంది. చిన్నోడికి మాది నాలుగో ఇల్లు.

వాడు బ్యాగు తీసుకెళ్లి మంచం కింద పెట్టుకున్నాడు. కొత్త బ్యాగు ఇస్తానన్నా వద్దన్నాడు, చినిగిన చోట నేనిచ్చిన టేపు అంటించుకున్నాడు. బట్టలు డ్రయర్‌లో వేయనా అని అడిగితే ఒప్పుకున్నాడు గానీ, అవి తిరుగుతున్నంతసేపూ ఎదురుగా నేల మీద కూచుని అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. తర్వాత అవన్నీ మళ్లీ ఆ బ్యాగులోకే. బీరువా అరలకి బొమ్మల స్టిక్కర్లు అతికించి మరీ సిద్ధం చేశాను. వాటి వైపు చూడలేదు.

నాలుగో రోజో ఐదో రోజో, అన్నం దగ్గర నా ట్రంకు పెట్టె కథ చెప్పాను. మద్దిరాల నవోదయలో ఆరో తరగతిలో చేరడానికి వెళ్తున్నప్పుడు మా నాన్న నరసరావుపేటలో కొన్న ఇనప పెట్టె. మూత మీద పెయింటర్‌తో తెల్ల రంగుతో నా పేరు రాయించాడు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది, చెరిపి రాయడానికి ఇంకో రెండ్రూపాయలు అడిగాడని నాన్న అలాగే ఉంచేశాడు. లోపల పళ్లెం, గ్లాసు, కొబ్బరినూనె డబ్బా, జంతికల డబ్బా. తాళంచెవి నల్లదారంతో మెడలో. వాడు తినడం ఆపి విన్నాడు.

"నిన్నెవరు తీసుకెళ్లారు?"

"మా నాన్న. బస్సులో."

"ఎందుకు? నువ్వేం చేశావు?"

"ఏం చేయలేదు నాన్నా. పరీక్ష పాసయ్యాను."

కాసేపు ఆలోచించాడు. నా కథకీ వాడి కథకీ పోలిక లేదని నాకంటే ముందు వాడికే తెలిసింది. ఆ సంగతి వదిలేసి, "తాళంచెవి నీ దగ్గరే ఉండేదా? వార్డెన్ దగ్గర కాదా?" అని అడిగాడు.

నా దగ్గరే అన్నాను.

ఆ వారాంతం మా ఆయన వాల్‌మార్ట్ నుంచి ప్లాస్టిక్ ట్రంకు ఒకటి, చిన్న తాళం ఒకటి తెచ్చారు. పిల్లాడి దగ్గర తాళం వేసిన పెట్టె ఉండొచ్చా అని మా ఫోస్టర్ వ్యవహారాలు చూసే ఏజెన్సీని అడగాల్సి వచ్చింది. వీళ్ల రూల్స్ అలాంటివి, జుట్టు కత్తిరించాలన్నా అడగాలి. రెండో తాళంచెవి మా దగ్గర ఉండేట్టయితే సరే అన్నారు. ఆ మాట వాడికి దాచకుండా చెప్పాను. రెండోది మందుల పెట్టెలో ఉంటుంది, నిన్ను అడక్కుండా, నువ్వు పక్కన లేకుండా తీయను అని. నమ్మాడో లేదో తెలియదు. ఆ రాత్రి మాత్రం బ్యాగు ముడి విప్పాడు, నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చాడు.

రెండు ప్యాంట్లు, ఒకటి పిక్కల దాకానే వస్తుంది. నాలుగు టీషర్టులు, ఒకదాని మెడ దగ్గర ఇంకెవరో పిల్లాడి పేరు. వాళ్లమ్మ ఫోటో. మా కాఫీ పిప్పి మరక ఫోటో మూలన పడింది, మెత్తటి గుడ్డతో ఎంత అద్దినా పూర్తిగా పోలేదు. జత కాని మేజోళ్లు. అన్నిటికంటే అడుగున ఒక టీవీ రిమోట్, బ్యాటరీలు లేకుండా, వెనక మూత కూడా లేకుండా.

నేను సర్ది ఉంటే ఆ రిమోట్‌ని కచ్చితంగా పారేసేదాన్ని. టీవీ లేని రిమోట్ ఎందుకు? సోఫా మీదున్నవన్నీ ఒక్క చేత్తో ఊడ్చి సంచిలో వేసినప్పుడు వచ్చి ఉంటుంది, లేదా వాడే పట్టుకొచ్చి ఉంటాడు. అడగలేదు. ఆ రిమోట్‌తో నడిచిన టీవీ ఎక్కడుందో వాడికి తెలుసు, అంతే. అది ట్రంకులో మొదట పెట్టాడు.

2023లో టెక్సాస్ చట్టసభ ఈ బ్యాగుల మీద ఒక చట్టం చేసింది, హౌస్ బిల్ 3765. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లలు కొత్తగా ఫోస్టర్ కేర్‌లోకి వస్తున్నా, ఇల్లు మారుతున్నా సామాను పెట్టుకోవడానికి సరైన పెట్టె లేకపోతే పిల్లల సంగతి చూసే రాష్ట్ర శాఖే ఇవ్వాలి. ఇచ్చాక అది పిల్లలదే, వెనక్కి అడగకూడదు. చాలా సంతోషించాను. వాట్సాప్‌లో అందరికీ పంపాను.

ఆ చలికాలం మా దగ్గరికి పదిహేనేళ్ల అమ్మాయి వచ్చింది. ఊదారంగు కొత్త సూట్‌కేసు, ధర చీటీ కూడా తీయలేదు. తెరిచి చూస్తే పైన తడి టవల్, కింద బట్టలన్నీ ముక్కిపోయిన వాసన. ఆ పిల్ల స్కూల్లో ఉన్నప్పుడు అంతకుముందు ఇంటివాళ్లు సర్దేశారు. సాయంత్రం స్కూలు నుంచే కేస్‌వర్కర్ ఎక్కించుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. తన గదిని ఇంకోసారి చూసుకోనివ్వలేదు. బొమ్మలు గీసుకునే పుస్తకం రాలేదు. పళ్లకి పెట్టుకునే రిటైనర్ రాలేదు. నల్లజాతి పిల్ల, రాత్రి జడలు పాడవకుండా తలకి కట్టుకునే శాటిన్ టోపీ కూడా రాలేదు. ఆ మొదటి రాత్రి నా పాత పట్టు జాకెట్టు ముక్క తలకి చుట్టుకుని పడుకుంది. ఆ పుస్తకం కోసం నేను మూడుసార్లు ఫోన్ చేయించాను. "దొరికితే పంపిస్తాం" అన్నారు. సొంత వస్తువులు ఉంచుకునే హక్కు పిల్లలకి ఉందని ఇక్కడ కాగితం ఉంది, దాని మీద ఆ పిల్ల చేత సంతకం కూడా పెట్టించారు. ఒకరోజు తనే అంది, "సూట్‌కేసు మాత్రం బాగుంది కదా" అని. నవ్వుతూనే అంది.

అప్పటినుంచి నాకు ఆ చట్టం మీద గౌరవం తగ్గలేదు గానీ, సంచి మారితే సరిపోతుందన్న నమ్మకం పోయింది. ఎవరు సర్దారు, పిల్లల్ని పక్కన ఉంచుకుని సర్దారా, మిగిలిపోయినవి పంపారా, నేను అవే అడుగుతున్నాను ఇప్పుడు. ఏజెన్సీ మీటింగుల్లో నేను నోరు తెరిస్తే "ఇదిగో మొదలైంది" అన్నట్టు చూస్తారు. చూడనీ.

మా ఊళ్లో మన తెలుగువాళ్లు కూడా సాయం చేస్తామన్నారు. మంచి మనసుతోనే. నలభై సూట్‌కేసులు పోగయ్యాయి. సగం చక్రాలు ఊడినవి, జిప్పు పోయినవి, పిడికి ఏదో విమానం చీటీ ఇంకా వేళ్లాడుతున్నవి, తెరవగానే పచ్చడి వాసన కొట్టేవి. గరాజ్‌లు ఖాళీ అయ్యాయి. తర్వాత పిల్లలకి అందిస్తూ ఫోటో కావాలన్నారు. కుదరదన్నాను. "ఫోటో లేకపోతే స్పాన్సర్లు ఎలా వస్తారమ్మా?" అన్నాడు ఒకాయన. పెద్ద గొడవే అయింది, ఆ గ్రూపులోంచి నేను బయటికొచ్చేశాను. కానీ అందులోనే నలుగురు ఆడవాళ్లు విడిగా ఫోన్ చేసి, కొత్త బ్యాగులు పద్దెనిమిది కొని, ఎవరికీ చెప్పకుండా మా ఏజెన్సీ ఆఫీసులో పెట్టి వెళ్లారు.

గుంటూరులో ఉన్న మా ఆడపడుచు ఇదంతా విని, "మన దగ్గర కూడా ఇలా ఉంచుకోవచ్చా వదినా?" అని అడిగింది. పెళ్లి చేసుకోలేదు, టీచరు, ఒక్కతే ఉంటుంది. ఉంచుకోవచ్చు. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షన్ ఇదే. పిల్లల్ని ఏ ఇంటికి పంపాలో బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. ఒంటరిగా ఉన్నవాళ్లు కూడా తీసుకునేలా 2024లో కేంద్రం మార్గదర్శకాలు సవరించింది. అక్కడ ఇంకా ఎక్కువమంది పిల్లలు హోముల్లోనే ఉంటారు, ఒక హోం నుంచి ఇంకో హోంకి మారుతుంటారు. అప్పుడు వాళ్ల సామాను ఏ సంచిలో వెళ్తుందో అక్కడున్నవాళ్లు రాస్తే బాగుంటుంది. ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి అంది మా ఆడపడుచు. ఒక అర ఖాళీ చేసి, దాని తాళంచెవి వచ్చే పిల్లలకే వదిలేయమన్నాను.

చిన్నోడు వెళ్లిన రోజు గురించి రాయకుండా ఆపేద్దామనుకున్నాను.

మా దగ్గర ఏడు నెలలున్నాడు. వాడి అమ్మమ్మ ఇంటిని అధికారులు చూసొచ్చి, కోర్టు సరే అన్నాక, సెప్టెంబర్లో కబురొచ్చింది. వారం ముందే తెలిసింది, అదొక అదృష్టం. సర్దడం మా ఆయనా వాడూ కలిసి చేశారు. లిస్టు వాడే రాశాడు. ఏ జేబులో ఏది పెట్టాలో వాడే చెప్పాడు, ఆయన "ఎస్ సర్" అంటూ పెట్టారు. కారులో వెళ్తున్న సామానుని ఎవరు తూస్తారు? అయినా కొక్కెం త్రాసు తెచ్చి ఇద్దరూ ఎత్తి చూశారు. నలభై ఒక్క పౌండ్లు. వచ్చినప్పుడు ఆ నల్ల బ్యాగు పది కూడా ఉండదు. "ఇంకా తొమ్మిది పౌండ్లు మిగిలింది" అని మా ఆయన నా వైపు చూశారు. జంతికలు చేశాను. వాడికి మన వంటల్లో పూర్తిగా నచ్చింది అదొక్కటే, పప్పు చిప్స్‌తో నంజుకుని తినేవాడు.

రిమోట్ చివర్న బయటికొచ్చింది. మా ఆయన ఏం మాట్లాడకుండా మూడు కవర్లు తెచ్చారు. ఒకదాంట్లో ఒకటి పెట్టి, నాలుగు చుట్లు టేపు వేసి, తన లుంగీలో చుట్టి, పెట్టె మధ్యలో, దెబ్బ తగలని చోట పెట్టారు. వాడు లుంగీ వైపు చూసి, "ఇది నీది కదా?" అన్నాడు. ఇప్పుడు నీదే అన్నారు.

మా ఇంట్లో ఎవరూ గడప దాటుతూ "వెళ్తున్నా" అనరు. వెళ్ళొస్తా అనాలి. స్కూలుకి వెళ్లేటప్పుడు మా ఆయన అనడం విని వాడికీ అలవాటైంది. రోజూ ఏడింటికి బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని "వెల్లొస్తా ఆంటీ" అనేవాడు, నేను "వెళ్ళిరా నాన్నా" అనేదాన్ని. వచ్చిన కొత్తలో నన్ను మిస్ అనేవాడు, మా ఇంటికొచ్చే పిల్లల్ని చూసి ఆంటీకి మారాడు.

ఆ రోజు కూడా కారెక్కబోతూ వెనక్కి తిరిగి, "వెల్లొస్తా ఆంటీ" అన్నాడు. నోటిదాకా వచ్చింది, వెళ్ళిరా అని. ఆ పిల్లాడు మళ్లీ మా ఇంటికి రావడమంటే అమ్మమ్మ దగ్గర ఏదో చెడిందన్నమాట. అనలేకపోయాను. కేస్‌వర్కర్ డిక్కీ మూసింది. వాడు ఇంకా తలుపు పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"మంచిది నాన్నా" అన్నాను.